రాహుకాలం బటన్

అనూష గెలిచిన తగాదా ఒకటి నా కళ్లారా చూశాను. ముందు అదే చెబుతాను. ఆ పిల్ల కాలికి గొలుసు పడింది ఆ గెలుపుతోనే.

అప్పటికి మధ్యాహ్నం మూడు దాటింది. మంగళవారం. నరసరావుపేట నుంచి వినుకొండ వెళ్లే రోడ్డు మీద హనుమయ్య గారి కోల్డ్ స్టోరేజీ ఉంది. మిరపకాయలు కోతలైపోగానే టిక్కీలకు టిక్కీలు, అంటే బస్తాలకు బస్తాలు, లోపల చలిగదుల్లోకి వెళతాయి. ధర కుదిరినప్పుడు బయటికొస్తాయి. పక్కనున్న రేకుల షెడ్డులో తొడిమలు తీసే ఆడవాళ్లకు నేను మేస్త్రిని. ఆ రోజు మంచినీళ్ల కోసమని ఆఫీసు వరండాలోకి వెళ్లేసరికి లోపల రవిశంకర్ అనే వ్యాపారి గోల పెడుతున్నాడు.

అతని లారీ గేటు దగ్గర నిలబడి ఉంది. హమాలీలు చేతులు ముడుచుకుని గోడ నీడన కూర్చున్నారు. గేటు పాసు లేనిదే సరుకు కదలదు. పాసు కంప్యూటర్లోంచి రావాలి. కంప్యూటర్లో ఆ పాసు ఇచ్చే బటన్ నొక్కుడు పడటం లేదు. కంప్యూటర్ ముందు కూర్చున్నది అనూష. వచ్చి రెండు నెలలు కూడా కాలేదు. ఎండు కంకిలాగా సన్నగా ఉండేది. రవిశంకర్ ఆ పిల్లను అన్న మాటలు ఇక్కడ రాయను. అంతకంటే పెద్దవి నాకు వచ్చు గానీ, నేను మనిషిని చూసి వాడతాను.

అనూష లేవలేదు, ఏడవలేదు. స్క్రీన్‌ను అతని వైపుకు తిప్పి, మౌస్ అతని చేతి దగ్గరికి జరిపింది.

"నువ్వే నొక్కన్నా," అంది.

అతను నొక్కాడు. టిక్కు టిక్కుమని నొక్కుతూనే ఉన్నాడు. మిగతా బటన్ల మీద అక్షరాలు నల్లగా ఉన్నాయి. ఆ ఒక్కదాని మీద మాత్రం సున్నం కొట్టినట్టు తెల్లగా వెలిసిపోయి ఉన్నాయి.

రాహుకాలమనీ, నాలుగున్నర దాకా అది పడదనీ ఆ పిల్ల చెప్పింది. తనకు రాహువూ లేదు కేతువూ లేదు, అట్లాంటివి నమ్మే మనిషిని కానని అతను బల్ల మీద చరిచాడు. అప్పుడు అనూష కిటికీలోంచి లారీ వంక చూసింది.

"అన్నా, నీ బండి ముందు నిమ్మకాయ, పచ్చి మిరపకాయలు గుచ్చి కట్టావు గదా. నమ్మకం లేదంటివి. పోయి కోసి అవతల పారెయ్. నేను ఈ తాళం తీసి పాసు ఇచ్చేస్తా."

రవిశంకర్ లారీ వంక చూశాడు, డ్రైవర్ వంక చూశాడు. గడప దగ్గర నిలబడ్డ డ్రైవర్ నిదానంగా, "అది కోస్తే నేను బండెక్కనయ్యా," అన్నాడు. హమాలీల్లో ఎవడో కిసుక్కుమన్నాడు. ఇక అందరూ అందుకున్నారు. రవిశంకర్ బెంచీ మీద కూలబడి టీ తెప్పించుకున్నాడు. నాలుగున్నరకు ఆ బటన్ దానంతట అదే నల్లబడింది. అతనే లేచి, గుడిలో గంట కొట్టినంత భక్తిగా ఒక్కసారి నొక్కాడు. పాసు బయటికొచ్చింది.

ఆ సాయంత్రం నేను అనూషతో, "ఏమే, నీ నోరు మా షెడ్డులో ఉండాల్సింది," అన్నాను. "నీ పక్కన నేనెంత అమ్మమ్మా," అంది. మా ఇద్దరికీ అట్లా కలిసింది. ఇది జరిగి నాలుగేళ్లయింది.

అనూషది మాచర్ల వైపు. తండ్రి పిచ్చయ్య నాపరాయి క్వారీలో రాళ్లు కొట్టి కొట్టి, ఆ దుమ్ము రొమ్ములోకి దిగి మంచానపడ్డాడు. మంచంలో ఉండి కూడా కూతుర్ని కంప్యూటర్ డిగ్రీ చదివించాడు. ఆ సర్టిఫికెట్లు చేతికొచ్చిన రోజున వాటిని తలగడ కింద పెట్టుకుని పడుకున్నాడంట. ఆయన పోయాక పిల్లకు పెళ్లయింది. మొగుడు రామాంజి విజయపురి సౌత్‌లో, డ్యాం పక్కన, కాంట్రాక్టు మీద పంపులు చూసే పని చేస్తాడు. నిదానస్తుడు. లిఖిత అని ఒక్కతే కూతురు. పిల్ల పాలు మానిందో లేదో అన్నప్పుడు ఈ ఉద్యోగం తగిలింది. ఒక్క సీజన్ చేసి వచ్చేస్తానని పిల్లను అత్త చేతిలో పెట్టి అనూష ఇక్కడికొచ్చింది. కోల్డ్ స్టోరేజీ వెనక, చలియంత్రాలు పగలూ రాత్రీ గుయ్యిమనే గోడ పక్కన ఒక గది ఇచ్చారు. ఇప్పటికీ అందులోనే ఉంది.

వచ్చిన కొత్తల్లో అక్కడ అన్నీ చేతిరాత పుస్తకాలే. ఏ రైతు సరుకు ఏ గదిలో ఉందో వెతకడానికి సగం పూట పట్టేది. అనూష ఆ పనంతా కంప్యూటర్లోకి ఎక్కించింది. స్క్రీన్ మీద ఒక ఫారం, ఫారం మీద బటన్లు. సరుకు లోపలికొస్తే ఒకటి, బయటికి పోతే ఒకటి, ఎంత ఉందో చూడటానికి ఒకటి. బటన్ నొక్కితే అంత పని ఎట్లా జరుగుతుందని నేనొకసారి అడిగాను.

"పొద్దున్నే నువ్వు షెడ్డులోకొచ్చి కానీండి అంటావు గదా అమ్మమ్మా," అంది. "ఆ ఒక్క మాటకు ఒకళ్లు పట్టాలు పరుస్తారు, ఒకళ్లు కాయ కుప్ప పోస్తారు, ఒకళ్లు మంచినీళ్లు తెస్తారు. ఆ మాటే బటన్. నువ్వు వాళ్లకు ముందే నేర్పిపెట్టిన వరసుంది చూడు, దాన్ని మాక్రో అంటారు."

"మావాళ్లు తిరిగి మాట్లాడతారే. నీది మాట్లాడిద్దా?"

"దానికి నోరు లేదు. దాని బదులు అందరూ నన్నే అంటారు."

రాహుకాలం అందులోకి ఎట్లా దూరిందో చెప్పాలి. హనుమయ్య గారు గోళ్లు తీసుకోవాలన్నా పంచాంగం చూసే మనిషి. మొదటి నెలలో ఆయన వచ్చి స్క్రీన్ చూసి, సగం నవ్వులాటకు, రాహుకాలంలో సరుకు బయటికి పోకుండా ఇది ఆపగలదా అని అడిగాడు. ఉద్యోగం కొత్త, యజమాని మెప్పు కావాలి, చేతిలో విద్య ఉంది. ఒక్క సాయంత్రంలో చేసిపెట్టింది. ఏ వారం ఏ గంటల్లో రాహుకాలమో మాక్రోకు చెప్పింది. ఆ గంటలు రాగానే బటన్ తెల్లబడేట్టు, పోగానే నల్లబడేట్టు కట్టింది. ఆయన కొత్తగా పుట్టిన దూడను నిమిరినట్టు ఆ కంప్యూటర్ పెట్టెను నిమిరాడు. తర్వాత వర్జ్యం కూడా పెట్టమన్నాడు. రాహుకాలమైతే వారానికొక లెక్క, ఎప్పటికీ మారదు. వర్జ్యం ఏ రోజుకా రోజు మారుతుంది, పంచాంగం చూసి ఎక్కించాలి. ఏడాది మొత్తానివీ ఎక్కించింది. ఏ రోజుకైనా వర్జ్యం ఎక్కించకపోతే బటన్ ఆ రోజంతా తెరుచుకోకుండా పెట్టమన్నాడు. అదీ పెట్టింది. అడ్డంగా ఉన్న గంటలో కూడా తాళం తీసే పాస్‌వర్డ్ ఒకటుంటే, దాన్ని తనకు కూడా చెప్పొద్దన్నాడు. ఎవరన్నా వచ్చి బతిమాలితే మెత్తబడి తీసేస్తాడంట. ఆ రకంగా ఆ తాళంచెవి ప్రపంచంలో ఒక్క అనూష బుర్రలోనే ఉండిపోయింది.

రవిశంకర్ తగాదా ఊళ్లు తిరిగింది. నిమ్మకాయల మాట చెప్పుకుని జనం నవ్వారు, నవ్వాక ఆలోచించారు. ఆ కంప్యూటర్ మంచి గంట చూసి గానీ సరుకు వదలదంట అని మాచవరం నుంచీ వెల్దుర్తి నుంచీ రైతులు, దారిలో ఉన్న మూడు కోల్డ్ స్టోరేజీలు దాటించి మరీ హనుమయ్య గారి దగ్గరికి ట్రాక్టర్లు తోలుకొచ్చారు. అట్లా పోయిన సరుకుకు ధర బాగా పలికిందని ఒకడంటే పదిమంది నమ్మారు. పలకని వాళ్లు నోరు మూసుకున్నారు. ఆయన ఇంకో రెండు చలిగదులు కట్టించాడు.

ఇక ఆ పిల్లను ఎందుకు వదులుతాడు?

హనుమయ్య గారు కేకలు వేసే మనిషైతే బాగుండేది. ఆయన అరవడు. తల్లీ అంటాడు. మా ఇంటి ఆడపిల్లవి అంటాడు. పండక్కి చీర పెడతాడు, జ్వరమొస్తే ఇంటి నుంచి జావ పంపుతాడు. చేరిన రోజున ఒరిజినల్ సర్టిఫికెట్లు తీసుకుని, గదిలో చెమ్మకు పాడవుతాయని తన బీరువాలో పెట్టాడు. తండ్రి తలగడ కింద పెట్టుకున్న ఆ కాగితాలే. అడిగితే ఇవ్వనని ఒక్కసారి కూడా అనలేదు. నీకు బదులు ఒక మనిషిని తయారుచెయ్ తల్లీ, అప్పుడు తీసకపో అన్నాడు.

ఆ పిల్ల ఇద్దరిని తయారుచేసింది. మొదటి అమ్మాయి ఆయన చుట్టాలమ్మాయే. ఏడాది వర్జ్యాలు ఎక్కించే పట్టిక చూసి కళ్లు తిరిగి, పక్షం తిరక్కుండా వెళ్లిపోయింది. రెండోవాడు జ్ఞానయ్య, నడివయసు వాడు, కంప్యూటర్ మీద ముందే చెయ్యి తిరిగినవాడు. పట్టికా, బటన్లూ అన్నీ బాగానే నేర్చుకున్నాడు. మొదటి రాహుకాలంలో ఎవడో వ్యాపారి వచ్చి బల్ల గుద్దేసరికి తాళం తీయమని వెనక గదిలో ఉన్న అనూషకు ఫోన్ చేశాడు. హనుమయ్య గారు పరుగెత్తుకొచ్చిన అనూష వంక చూసి నవ్వాడంతే. జ్ఞానయ్య మర్నాటి నుంచి రాలేదు.

ప్రతి ఉగాదికీ ఇదే తంతు. కొత్త పంచాంగం వస్తుంది. ఈ ఏడాదివి ఎక్కించి వెళ్లిపోతానంటుంది. ఎక్కించు తల్లీ, చూద్దాం అంటాడు. ఎక్కించాక, ఎక్కించిన మనిషే ఉండాలి గదా అంటాడు. ఒక్క సాయంత్రం సరదాకు కట్టిన మాక్రో ఆ పిల్లను నాలుగు ఉగాదులు కదలనివ్వలేదు. తెల్లబడిన బటనన్నా గంటన్నరకు నల్లబడుతుంది.

ఈ లోపల విజయపురి సౌత్‌లో లిఖిత నడిచింది, మాట్లాడింది, పళ్లు వచ్చాయి. అన్నీ ఫోన్‌లోనే. ఆదివారాలు కొన్ని వెళ్లొచ్చేది. వెళ్లినప్పుడు మొదటి పూటంతా పిల్ల దగ్గరికి రాదంట. దగ్గరికొచ్చేసరికి బస్సు టైమవుతుంది. ఈమధ్య కోపమొస్తే తల్లి మాట్లాడుతుండగానే ఫోన్‌లో ఎర్ర బటన్ నొక్కేస్తోంది. "దానికీ బటన్ నొక్కడం వచ్చిందమ్మమ్మా," అని నవ్వబోయి అనూష నవ్వలేకపోయింది.

అక్కడ ఒక ప్రైవేటు బడిలో కంప్యూటర్ టీచర్ పోస్టు ఉంది. రామాంజి వెళ్లి మాట్లాడి వచ్చాడు. ఉగాది దాకా ఆగుతామన్నారు, ఒరిజినల్స్ చూడందే చేర్చుకోమన్నారు. పిల్లను కూడా అదే బడిలో వేయొచ్చు. పొద్దున తల్లీ కూతురూ చెయ్యి పట్టుకుని బడికి నడిచిపోవచ్చు. అనూష ఇంతకాలం కోరింది అదొక్కటే. అంతకంటే పెద్ద కోరిక ఆ పిల్ల నోట నేను వినలేదు.

ఈ ఏడాది వసంత పంచమికి లిఖితకు అక్షరాభ్యాసం పెట్టుకున్నారు. పగలు పదకొండుకు ముహూర్తం. హనుమయ్య గారే పంచాంగం చూసి పెట్టాడు, పలకా బలపం కొనిచ్చాడు. అనూష తెల్లవారకముందే బస్సెక్కింది. ఇక్కడ పొద్దున కరెంటు పోయి వచ్చింది. కంప్యూటర్లో గడియారం సెల్లు లాంటిది చిన్నదుంటుందంట. అది చచ్చిపోయి ఉంది. కరెంటు రాగానే కంప్యూటర్ ఏ కాలానికో వెనక్కి వెళ్లి, పాత తారీకు చూపించింది. ఆ తారీకుకు వర్జ్యం ఎక్కించి లేదు. బటన్ తెల్లబడింది. పొద్దెక్కుతున్నా తెల్లగానే ఉంది. గేటు బయట లారీలు బారు కట్టాయి.

ఆయన ఫోన్ చేసేటప్పటికి అనూష మాచర్ల బస్టాండులో రెండో బస్సు కోసం నిలబడి ఉంది. స్క్రీన్ కింద మూలన తారీకు ఉంటుంది, దాన్ని మారిస్తే చాలని చెప్పిందంట. ఏ వేలు ఎక్కడ పెట్టాలో కూడా చెప్పిందంట. నేను మార్చడమేంటి తల్లీ, తప్పు పడితే చెడు గంటలో సరుకు పోయిద్ది, నువ్వే రా అన్నాడు. మధ్యాహ్నం ముహూర్తమైపోగానే వస్తానంది. మాచర్లలో మావాళ్ల కారు ఉంది, బస్టాండుకు పంపిస్తున్నా, చల్లగా కూర్చుని రా అన్నాడు.

ఆ కారు దిగి లోపలికి వెళ్లడం నేను షెడ్డులోంచి చూశాను. చేతిలో పలక అట్లాగే ఉంది. నేను ఆకుకు సున్నం రాసి మడిచేంత సేపు కూడా పట్టలేదు, తారీకు మార్చింది, బటన్ నల్లబడింది, లారీలు కదిలాయి. విజయపురి సౌత్‌లో అప్పుడే పళ్లెంలో బియ్యం పోసి, నాయనమ్మ లిఖిత వేలు పట్టుకుని ఓనమాలు దిద్దించింది. మంచి గంట చూసే ఆ యంత్రం కట్టిన మనిషికి కూతురి మంచి గంట దక్కలేదు.

అనూష ఆఫీసులోంచి నేరుగా మా షెడ్డులోకి వచ్చింది. ముక్కుకు గుడ్డ కూడా కట్టుకోకుండా మా మధ్య కూర్చుని కాయలకు తొడిమలు తీయడం మొదలుపెట్టింది. అలవాటు లేని వేళ్లు కాసేపటికే మండుతాయి. ఆ చేతులతో కళ్లు తుడుచుకోవడానికి వీల్లేదు కదా, నీళ్లు అట్లాగే కారిపోయాయి. సాయంత్రం నేనే మజ్జిగ పోసి ఆ చేతులు కడిగాను.

తర్వాతి వారం కాటా దగ్గర హనుమయ్య గారు రైతులతో నవ్వుతూ మాట్లాడుతుంటే ఆ పిల్ల వెళ్లి ఎదురుగా నిలబడింది. తన సర్టిఫికెట్లు కావాలంది. నేను టిఫిన్ క్యారేజీ పట్టుకుని అటే వెళుతున్నాను. ఆయన అందరి వంకా చూసి చేతులు చాపాడు.

"నువ్వు పోతే దీన్ని నడిపేదెవరు తల్లీ? అదిగో, కొండమ్మ నడిపిద్దా? కొండమ్మ ఆ కుర్చీలో కూర్చుని ఒక్కరోజు నడిపిన నాడు నీ కాగితాలు బీరువాలోంచి నా చేత్తో తీసి ఇస్తా."

కొండమ్మంటే నేనే. జనం పొట్ట చేత్తో పట్టుకుని నవ్వారు. నాది రెండో తరగతి. అక్షరం కూడబలుక్కుని చదువుతాను, రాయడం నా తీరున వస్తుంది, అది ఎవరి దగ్గరా అప్పు తెచ్చుకోలేదు. నాకు ఒళ్లు మండింది.

"కొండమ్మ నడిపేవి చానా ఉన్నయ్యి బాబూ," అన్నాను. "మీరు తినే కారంలో తొడిమ రాకుండా చూసేది ఎవరనుకున్నారు?"

దానికి ఇంకొంచెం నవ్వారు. అనూష మాత్రం నవ్వలేదు. ఆయన మొహంలోకే చూస్తూ, "ఒక్కరోజంటే పొద్దున్నించి సాయంత్రం దాకానా సార్?" అని అడిగింది.

"ఆ. రాహుకాలంతో సహా."

"నాకు ఫోన్ చేయకుండా?"

"చేయకుండా."

"ఇంతమందిలో అన్నారు సార్."

"అన్నానులే తల్లీ," అని ఆయన కాటా వైపుకు తిరిగాడు. ఆ నవ్వు ఇంకా మొహం మీద ఉంది గానీ, కొంచెం పలచబడింది. ఆ రైతుల్లో ముగ్గురు మాచవరం వాళ్లు. వాళ్ల దగ్గర అన్న మాట వెనక్కి తీసుకుంటే ఆ ఊరి సరుకు మళ్లీ రాదు. అది ఆయనకూ తెలుసు.

ఆ తర్వాత అనూష మధ్యాహ్నం అన్నాల వేళకు షెడ్డుకు రావడం మొదలుపెట్టింది. కాగితం మీద బటన్లు గీసుకొచ్చి నాకు చూపించేది. పొద్దు పోక వస్తోందనుకున్నాను. ఒకటి చదవమంటే, "ఏందే ఇది, చీమల బారు లాగా? మనుషులు చదివేదేనా?" అన్నాను. మర్నాటికి అక్షరాలు గుమ్మడి గింజలంత చేసింది. ఇంకొకదాని మీద సేవ్ అని ఉంది. అదేంటన్నాను. రాసింది పోకుండా దాచడమంది. మరి దాచు అని రాసి చావొచ్చు గదా అన్నాను. రాసింది. సరుకు పంపే బటన్ నొక్కాక, నిజంగా పంపాలా అని అది తిరిగి అడుగుతుందంట. "నొక్కినదాన్నే మళ్లీ అడిగిద్దేంది? దానికి చెవుడా?" అన్నాను. ఆ రోజు ఎంతో కాలానికి పిల్ల పకపకా నవ్వింది. ఆ ప్రశ్న తీసేసింది.

వర్జ్యం పట్టికను కూడా విరగ్గొట్టింది. ఏడాదివన్నీ ఒకేసారి ఎక్కించే బదులు, పొద్దున్నే ఒక చిన్న ఫారం దానంతట అదే తెరుచుకుంటుంది. గోడ మీద క్యాలెండర్లో ఆ రోజు వర్జ్యం ఎప్పటినుంచి ఎప్పటిదాకా అని ఉంటుంది. ఆ రెండూ రెండు గళ్లలో నొక్కి, సరే అనే బటన్ నొక్కితే చాలు. క్యాలెండర్లో వర్జ్యం చూడటం రాని ఆడది మా షెడ్డులో లేదు. అది చూడకుండా మేం కొత్త చీర కూడా మడత విప్పం. ఇంత తేలికైంది ముందే ఎందుకు చేయలేదే అని అడిగాను. అప్పుడు ఒక్క సీజనే ఉంటాననుకున్నానంది.

ఇదంతా నా కోసం కొలత తీసి కుడుతోందని నాకు ఇవాళ మధ్యాహ్నం దాకా తట్టలేదు.

ఇవాళ గురువారం. అందరూ తినేసి నడుం వాల్చాక వచ్చి నా పక్కన కూర్చుంది. మొహం కడుక్కుని బొట్టు పెట్టుకుని వచ్చింది. రేపు శుక్రవారం ఆ కుర్చీలో నేను కూర్చోవాలని మెల్లగా చెప్పింది. పొద్దున హనుమయ్య గారికి చెప్పేసిందంట. ఆయన సరేనన్నాడంట. సరేనని ఊరుకోకుండా, రేపు పదిన్నర దాటాక, రాహుకాలం నడుస్తుండగా, లారీ వేసుకుని రమ్మని రవిశంకర్‌కు కబురు పెట్టాడంట. జ్ఞానయ్యను భయపెట్టినట్టే నన్నూ భయపెడితే, నేను లేచి వచ్చేస్తాననీ, ఆ పిల్ల ఇంకో ఉగాది దాకా ఉండిపోతుందనీ ఆయన లెక్క. ఉగాది ఇక మూడు వారాలుంది.

ముప్పై మంది ఆడవాళ్లను నడిపిన దాన్ని, ఒక ప్లాస్టిక్ కుర్చీకి భయపడ్డాను. ఆ గదికి ఒకటే తలుపు. కిటికీకి ఊచలు. తలుపులో రవిశంకర్ నిలబడతాడు, అతని వెనక హమాలీలు, వాళ్ల వెనక హనుమయ్య గారు ఆ నవ్వుతో. తప్పు నొక్కితే ఈ ఊళ్లో మళ్లీ తలెత్తి నడవలేను. సరిగ్గా నొక్కితే అంతకంటే ప్రమాదం. బాగుంది కొండమ్మా, ఇక నువ్వే కూర్చో అంటాడు. నాకూ పండక్కి చీర పెడతాడు.

"ఆ కుర్చీ నన్ను పట్టుకుంటే ఎవరే విడిపించేది?" అన్నాను.

"నీకు సర్టిఫికెట్లు యాడున్నయ్యి అమ్మమ్మా? నిన్ను ఏ బీరువాలో పెట్టి తాళం వేస్తాడు?"

ఇంతకాలం నాకు లేనివి లేవని సిగ్గుపడిన దాన్ని, లేకపోవడం కూడా ఒకందుకు పనికొస్తుందని ఆ పిల్ల చెబితే వినాల్సి వచ్చింది.

చదువుకున్న జ్ఞానయ్యే నిలవలేకపోయాడు గదే అన్నాను. జ్ఞానయ్యకు బటన్లు వచ్చు, తిట్లు పడటం రాదంది. బటన్లు కొత్త ఫారంలో చాలా తేలికంది, పొద్దున గళ్లు రెండూ నాతో నింపిస్తుంది, ఆ తర్వాత నేను పొరపాటు నొక్కినా పాడయ్యేదేమీ ఉండదంది. కష్టమంతా ఆ గంటన్నరలోనే ఉందంది. తెల్లబడిన బటన్ ముందు మనిషి ఊరికే కూర్చుని ఉండాలి. దానికి కావలసినవన్నీ నా దగ్గర ఉన్నాయంట. అవేంటో పేరు పెట్టి చెప్పలేదు, నా నోటి వంక చూసి నవ్వింది.

తర్వాత నవ్వు ఆపి నా చెయ్యి పట్టుకుంది. తన గదిలో బట్టలు సర్దేశానంది. రేపు పొద్దున నన్ను కుర్చీలో కూర్చోబెట్టి, గళ్లు నింపించి, తను విజయపురి సౌత్ బస్సెక్కుతుంది. ఇక్కడే ఉంటే అందరూ ఆమె వంకే చూస్తారు, ఆయనా ఆమెనే పిలుస్తాడు. నేనింకా సరేననలేదు. ఆ పిల్ల చెయ్యి వదల్లేదు. ఆ వేళ్లు ఇంకా ఆ రోజు కారానికి పొక్కిన చోట గరుకుగానే ఉన్నాయి. నా మొహంలోకి చూస్తూ, ఒక్కొక్క మాటా విడమరిచి, ఇట్లా అడిగింది:

"రవిశంకరన్న వస్తాడు, అరుస్తాడు. సార్ వచ్చి మెత్తగా మాట్లాడతాడు. ఎవరేమన్నా నువ్వు లేవమాక. నల్లబడినాక ఒక్కసారి నొక్కు. సాయంత్రం గేటు మూసే ముందు అందరిలో సార్‌ను బీరువా తీయమని అడుగు. తీసిందాకా కుర్చీ దిగమాక. మా నాన్న దాచుకున్న కాగితాలవి, నీ చేత్తో తీసుకో. అవి చేతిలో పడినాక నాకు ఫోన్ చెయ్. అంతకుముందు, ఏం జరిగినా, చెయ్యమాక."